చిన్న నెంబరుదే గోడ

పెళ్ళిళ్ళలో మా చుట్టాలు నన్ను పట్టుకుని, "కంప్యూటర్లో నువ్వు ఏటి సేస్తావే?" అని అడిగేవాళ్ళు. "రెండు డబ్బాలు అతికిస్తాను. ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాని కోసేస్తాను" అనేదాన్ని. వాళ్ళు మా అమ్మ వైపు జాలిగా చూసేవారు. ఇంత చదివించి, కలకత్తాలో ఇంజనీరుని చేసి, చివరికి పిల్ల డబ్బాలు అతికిస్తోందా అని. నేను అబద్ధమేమీ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి రిటైరయ్యేదాకా నేను చేసింది ఆ పనే. అంతకంటే గొప్ప పని ఇంకోటి ఉందని ఇప్పటికీ నాకు అనిపించదు.

ఇప్పుడు కలకత్తా సాల్ట్ లేక్ ఆఫీసుల్లో ఇదే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు, "మీ అనుభవాలు రాయండి ఆంటీ" అంటున్నారు. ఎప్పుడు ఏ కుర్చీ ఎక్కాను, ఎవరు నాకు శాలువా కప్పారు, అవన్నీ వదిలేస్తున్నాను. వాటితో మీకు పని లేదు. ఒక్క సంగతి వివరంగా చెబుతాను. ఈ ఉద్యోగం గురించి నేను నేర్చుకున్నదంతా దాదాపు అందులోనే ఉంది.

డబ్బాల పని

సందేశ్ మిఠాయి చేసే చెక్క అచ్చు చూశారు కదా. చెక్క ముక్కలోంచి చేప ఆకారం తీసేస్తే మిగిలేదే అచ్చు. ప్లాస్టిక్ మగ్గు, మిక్సీ మూత, టార్చిలైటు ఒళ్ళు, అన్నిటికీ ముందు ఇలాంటి అచ్చు ఒకటి ఇనుములో తయారవాలి. ఇనుము కొయ్యడానికి ముందే ఆ అచ్చుని కంప్యూటర్లో చేసి చూసుకుంటారు. ఒక ఆకారాన్ని ఇంకోదానికి కలపడం, ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని తీసేయడం. ఆ కలిపే, తీసేసే ప్రోగ్రాము రాయడమే మా పని.

చెప్పినంత తేలిక కాదు. కంప్యూటర్‌కి ఇనుము గట్టిదనం తెలియదు. దాని దగ్గరున్నది ఆకారం పైతోలు మాత్రమే. ఆ తోలు చిన్న చిన్న త్రికోణాలు కలిపి కుట్టిన బొంత. రెండు ఆకారాల్ని కలపాలంటే రెండు బొంతల్నీ కత్తిరించి, చిరుగు లేకుండా ఒకే బొంతగా కుట్టాలి. ఎక్కడ ఒక్క కుట్టు తప్పినా లోపలేదో బయటేదో తెలియక ప్రోగ్రాము చతికిలపడుతుంది.

ఒక ఆకారం ఇంకోదానిలోకి బాగా దూరి ఉంటే మా ప్రోగ్రాము పని బ్రహ్మాండంగా చేసేది. రెండూ అంచుకి అంచు సరిగ్గా ఆనుకుంటేనే చిక్కు. ఈ బిందువు ఆ ముఖానికి ఇవతల ఉందా, అవతల ఉందా, దాని మీదే ఉందా? కంప్యూటర్ లెక్కల్లో చివరి అంకె ఎప్పుడూ కాస్త అటూ ఇటూ అవుతుంది. ప్రోగ్రాములో ఒక మూల అడిగితే "ఇవతల" అనేది. అదే ప్రశ్న ఇంకో మూల నుంచి అడిగితే "అవతల" అనేది. ఒక నోట రెండు మాటలు. కుట్టు విడిపోయేది. పోనీ, ఎప్పుడో గాని రాని చిక్కు అనుకుందామా అంటే, మనుషులు గీసే బొమ్మల్లో అంచుకి అంచు ఆనడమే రివాజు. గోడకి తాపడం, మూతకి పిడి, అన్నీ సరిగ్గా ఆనుకునే ఉంటాయి.

మిత్రదా, తపస్

మా బాస్‌ని మిత్రదా అనేవాళ్ళం, దా అంటే బెంగాలీలో అన్న. మట్టి కప్పులో చాయ్, వేలి చివర సిగరెట్టు, కోపం వస్తే బల్ల మీద చరుపు. నా పేరు వరలక్ష్మి. ఆయన నోట్లో పడి "బొరొలొక్ఖి" అయింది. మంచి బాస్ ఎలా ఉంటాడని పిల్లలు అడుగుతారు. మీ తెలివితక్కువ ప్రశ్నని చివరిదాకా విని, ఆ తర్వాత తిట్టేవాడు మంచి బాస్. వినకముందే మెచ్చుకునేవాడిని నమ్మకండి.

తపస్ నా పక్క సీటు. లెక్కల్లో మా అందరి కంటే ఒక మెట్టు పైన. చెయ్యి కదపడంలో రెండు మెట్లు కింద. ఆనుకునే అంచుల చిక్కుకి తపస్ మందు ఒకటే. "గోరంత తేడా ఉంటే తేడా లేనట్టే అనుకుందాం." ఆ గోరంత ఎంత అన్నది ప్రోగ్రాములో ఒక అంకె. అది ఆ రోజుల్లో లోకమంతా వాడే మందే, తపస్ కనిపెట్టింది కాదు. మా ప్రోగ్రాము వాడే హౌరా అచ్చుల షాపు నుంచి ఫిర్యాదొస్తే ఆ అంకె కాస్త పెంచేవాళ్ళం. వాళ్ళ మగ్గు బాగుపడేది, విదేశంలో ఇంకెవరి టార్చిలైటో ముక్కలయ్యేది. తగ్గిస్తే మళ్ళీ మగ్గు విరిగేది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఏమిటో నేను ఆ ఆఫీసులోనే చూశాను.

ఒక తప్పుని కప్పడానికి అంకెల్ని సర్దుకుంటూ పోతే, కొన్నాళ్ళకి ఆ అంకెల్ని కాపాడటమే ఉద్యోగమైపోతుంది. మాకు అదే అయింది.

పని చేజారబోయింది

ఆ వానాకాలంలో పై ఆఫీసు నుంచి కబురొచ్చింది. పై ఆఫీసంటే విదేశంలో ఉన్న మా అసలు కంపెనీ. అక్కడ మా పని చూసే పెద్దమనిషి పేరు గ్రెగ్. ఆకారాల్ని కలిపే ప్రోగ్రాము కలకత్తా వాళ్ళ వల్ల కావట్లేదు, బయట తయారైనది కొనేద్దామని ఆయన అభిప్రాయం. అది కొంటే మా గుంపుకి మిగిలేది మెనూల్లో అక్షరదోషాలు దిద్దే పని.

ఇందులో నాకు ఎందుకంత మంట పుట్టిందో చెప్పాలి. మా నాన్న హౌరా దగ్గర లిలువా రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్లు బాగు చేసేవాడు. నేను కాలేజీలో చేరే రోజుల్లో, కంప్యూటర్లొస్తే ఉద్యోగాలు పోతాయని ఎర్రజెండా పట్టుకుని ఊరేగింపులో నడిచాడు. సాయంత్రం ఇంటికొచ్చి, అదే చేత్తో నా కంప్యూటర్ క్లాసు దరఖాస్తు మీద సంతకం పెట్టాడు. "జెండా యూనియనుది, సంతకం నాది" అన్నాడు. ఆ సంతకంతో చదువుకున్నదాన్ని, ఈ ఊళ్ళో కూర్చుని ఒక కొత్త వస్తువు తయారు చెయ్యాలనుకున్నాను. ఎవరో చేసినదానికి దుమ్ము తుడవడానికి కాదు. ఆ ప్రోగ్రాము పోతే నా ఉద్యోగం ఉంటుంది, నా పని పోతుంది. రెండూ ఒకటి కావని అప్పుడే తెలిసింది.

మిత్రదా ఫోన్లో గ్రెగ్‌తో వాదించి ఒక్కటే సాధించాడు. "దుర్గాపూజ అయ్యేదాకా ఈ ఊళ్ళో ఎవరూ ఏదీ నిర్ణయించరు. అది ఇక్కడి ఆచారం" అని చెప్పి, పూజల తర్వాత గ్రెగ్ తానే వచ్చి చూసేటట్టు ఒప్పించాడు. ఫోను పెట్టేసి మా వైపు తిరిగాడు. "షోనో, వినండి. ఆచారం పేరు చెప్పి టైము తెచ్చాను. అచ్చు మీరు తేవాలి."

పదిహేనో నెంబరు

అప్పటికి మేము ఇంకా లిలువా రైల్వే క్వార్టర్లోనే ఉండేవాళ్ళం. మాది పదిహేనో నెంబరు. పెట్టెలు పేర్చినట్టు వరసగా ఇళ్ళు, ఇంటికీ ఇంటికీ మధ్య ఒక్కటే ఇటుక గోడ. ఇటువైపు మేకు కొడితే అటువైపు సున్నం రాలుతుంది. శ్రీకాకుళం వాళ్ళు, బీహారీలు, ఒడియాలు, బెంగాలీలు, అందరూ ఉన్న లైను. ఎవరి గోడ అని రోజూ తగువులాడుకునే బదులు, ఎప్పుడో పాతవాళ్ళు ఒక కట్టుబాటు పెట్టారు. మధ్య గోడ చిన్న నెంబరు ఇంటివాళ్ళది. పెద్ద నెంబరువాళ్ళు దాని మీద మేకు కొట్టకూడదు. అంతే.

ఈ కట్టుబాటు వల్ల మా అమ్మకి జీవితకాలం అన్యాయం జరిగింది. మా తూర్పు గోడ అవతల పధ్నాలుగో నెంబరు, మిశిర్‌జీ వాళ్ళది. పొద్దుటే సూర్యుడి వైపు తిరిగి దణ్ణం పెట్టుకునేలా తూర్పు గోడకి దేవుడి అలమర పెట్టుకోవాలని అమ్మ కోరిక. గోడ మిశిర్‌జీది. అందుకని మా సింహాద్రప్పన్న పడమటి గోడ మీద, పదహారో నెంబరు వైపు వెలిశాడు. ఆ గోడ మాది కదా.

ఒక ఆదివారం పదహారులోకి కొత్తగా దిగిన ఒడియా ఫిట్టరు క్యాలెండరు కోసం మేకు కొట్టాడు. మా దేవుడి పటం గడగడలాడింది. అమ్మ కొంగు దోపుకుని బయటికెళ్ళింది. ఆవిడ హిందీ మూడు వంతులు శ్రీకాకుళమే.

"ఏటి బాబూ, ఆ దీవార్ మేరా హై! ఛోటా నంబర్ కా దీవార్!"

అతను తెల్లబోయాడు. "ఎక్కడ రాసుంది మాసీ?"

"రాయడమేటి, లైనంతా అదే. నీకూ పదిహేడుకీ మద్దెనున్న గోడ నీదే. ఎల్లి దాని మీద పది మేకులు కొట్టుకో, ఎవడొద్దంటాడో సూస్తాను."

అతను ఒక్క నిమిషం ఆలోచించి, మేకు పీకేసి, అటు గోడకి కొట్టుకున్నాడు. తగువు అయిపోయింది. అమ్మ లోపలికొచ్చి తూర్పు గోడ వైపు చూసి, "ఆ పధ్నాలుగోలకి ఏటి పుణ్యమో, నాకేటి పాపమో" అని ఎప్పటి సణుగుడే సణిగింది.

నేను చాయ్ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ కట్టుబాటులో న్యాయం లేదు. ఎందుకు చిన్న నెంబరే అంటే ఎవరి దగ్గరా జవాబు లేదు. అయినా ఆ లైనులో గోడ తగువు నిమిషం దాటి నిలబడదు. ప్రతి గోడకీ ఒకటే జవాబు, ఎవరిని అడిగినా అదే జవాబు. మేము ఇన్నాళ్ళూ ఆఫీసులో సరైన జవాబు కోసం పాకులాడుతున్నాం. రెండు ఆకారాలు సరిగ్గా ఆనుకున్నచోట సరైన జవాబనేదే లేదు. కావలసింది మాట మారని జవాబు.

మీగడ

సోమవారం బోర్డు మీద లిలువా లైను గీశాను. ప్రతి ఆకారానికీ ఒక నెంబరు. ప్రతి బిందువు గురించీ "ఇవతలా, అవతలా" అన్న ప్రశ్న ఒక్కసారే అడుగుతాం. వచ్చిన జవాబుని అన్ని మూలలా వాడతాం, మళ్ళీ లెక్క కట్టం. తేలకపోతే, చిన్న నెంబరు ఆకారం వెంట్రుకవాసి ఉబ్బిందని అనుకుంటాం. నిజంగా కదపం. గోడ దానిదే.

తపస్ కుర్చీలో ముందుకి వంగాడు. "కదపకుండా కదిలిందని ఎలా అనుకుంటావు?"

"కదిపితే కొలత పాడవుతుంది తపస్. అనుకోవడానికి కొలతతో పనేముంది?"

"ఈ అనుకోవడాలన్నీ ఎక్కడైనా ఒకదానితో ఒకటి కొట్టుకుంటే?"

"కొట్టుకోవని నాకు తెలుసు. నిరూపించడం నాకు రాదు."

తపస్ నవ్వాడు. చెయ్యి కదపని మనిషి ఆ రోజు నుంచి బోర్డుకి అతుక్కుపోయాడు. ఆ వారంలోనే నిరూపించాడు. ఎన్ని ఆకారాలున్నా, ఏ మూల నుంచి అడిగినా మాటకి మాట ఎదురు పడదని. ఆ నిరూపణే లేకపోతే నా ఊహ వంటింటి కబురై మిగిలిపోయేది. ఎవరిది ఎక్కువ గొప్ప అని మమ్మల్ని తర్వాత చాలామంది అడిగారు. ఆ ప్రశ్న అడిగినవాళ్ళు ఎప్పుడూ ఇంకొకరితో కలిసి పని చెయ్యలేదని నా అనుమానం.

మొదటిసారి నడిపి చూస్తే కలపడం నున్నగా వచ్చింది. తీసేయడం తేడా వచ్చింది. దిమ్మలోంచి మగ్గు ఆకారం తీసేస్తే, గుంట నోటి మీద మందం లేని పొర ఒకటి మిగిలింది. "పాల మీద మీగడ!" అని తపస్ వెక్కిరించాడు. కారణం తేలికే. దిమ్మది ఒకటో నెంబరు, కోసే మగ్గుది రెండు. గోడ దిమ్మకి పోయింది, అందుకే పొర మిగిలింది.

మిత్రదా సిగరెట్టు ఆర్పి బల్ల చరిచాడు. "అరే బాబా, ఎవరికి ఏ క్వార్టరు ఇవ్వాలో ఎలాట్‌మెంటు మన చేతిలోదేగా! కోసేదానికి చిన్న నెంబరు ఇవ్వు, బొరొలొక్ఖి."

ఇచ్చాను. మీగడ పోయింది.

కొత్త పిల్లలకి ఇక్కడొక మాట. మొదటి ప్రయత్నం పాడైందని ఆలోచననే పారెయ్యకండి. ఆలోచన చెడిందా, నెంబర్లు వెయ్యడం చెడిందా చూసుకోండి. ఎక్కువసార్లు నెంబర్లే.

ఖాళీ తెర

పూజలయ్యాయి. గ్రెగ్ వచ్చాడు. వచ్చిన మర్నాడే బంద్. బస్సు లేదు, ట్యాక్సీ లేదు, ఆయన గెస్టుహౌసులోంచి కదలడానికి లేదు. ఆ రోజంతా ఏం తోచక మమ్మల్ని పడగొట్టడానికి ఎక్కడలేని గడ్డు ఆకారాలూ కూర్చుని గీశాడు. మర్నాడు అవన్నీ పట్టుకొచ్చాడు. బంద్‌ని నేను అంత తిట్టుకున్న రోజు లేదు.

మొదట మిక్సీ మూత అచ్చు. నిండా తాపడాలు, ప్రతిదీ గోడకి సరిగ్గా ఆనుకున్నదే. వచ్చేసింది. ఒకదాని మీద ఒకటి పేర్చిన డబ్బాలు. వచ్చేసింది. రవ్వంత పక్కకి తిప్పిన డబ్బాతో డబ్బాని కోత. వచ్చేసింది. గ్రెగ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మిత్రదా గోడకి ఆనుకుని నిలబడ్డాడు, వేళ్ళ మధ్య సిగరెట్టు ఇంకా వెలిగించలేదు.

"ఆఖరుది. ఈ మూత అచ్చులోంచి దీన్నే తీసేయండి" అన్నాడు గ్రెగ్.

ఒక ఆకారంలోంచి అచ్చం అదే ఆకారాన్ని తీసెయ్యడమంటే ప్రతి ముఖమూ ముఖానికి ఆనుతుంది, ప్రతి అంచూ అంచుకి ఆనుతుంది. పాత ప్రోగ్రాము అయితే దీనికి రేకులూ రవ్వలూ కక్కి చచ్చిపోయేది. మీట నొక్కాను.

తెర ఖాళీ.

గ్రెగ్ నిట్టూర్చాడు. "పడిపోయింది. విచారంగా ఉంది" అన్నాడు. ఆయన గొంతులో నిజంగానే విచారం ఉంది.

"పడిపోలేదు" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "కింద చూడండి."

తెర అడుగున త్రికోణాల లెక్క ఉంటుంది. సున్న. ఒక్క రేకు లేదు, ఒక్క రవ్వ లేదు. దానిలోంచి దాన్నే తీసేస్తే మిగలవలసింది ఏమీ లేదు, మిగిలింది ఏమీ లేదు. ఖాళీయే జవాబు.

గ్రెగ్ ముందుకి వంగి ఆ సున్నని చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "మేము కొనబోయినదానికీ ఇలాంటి పరీక్షే పెట్టాను. రేకులు మిగిల్చింది." తపస్ కుర్చీ ఎక్కి అరిచాడు. మిత్రదా కళ్ళలో నీళ్ళు. అవి దాచుకోవడానికి నన్ను తిట్టాడు, "ఆలోచన అంత తేలికైతే వానాకాలమంతా ఎందుకు తగలేశావు?" అని. నేను ఏడ్చానో నవ్వానో నాకు గుర్తులేదు. గెలిచానన్నది మాత్రం బాగా గుర్తుంది.

కొనడం ఆగిపోయింది. కలపడం, తీసేయడం మా పనిగానే నిలిచింది. నేను రిటైరయ్యేదాకా నా పనిగానే నిలిచింది. ఆ నియమం ప్రోగ్రాములో ఏ పేరుతో ఉండాలని గ్రెగ్ అడిగితే, తపస్ నా కంటే ముందే చెప్పాడు. "లిలువా." ఇప్పటికీ లోపల దాని పేరు అదే.

ఇంటి తీర్పు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి ఇంటికి పరుగెత్తాను. అమ్మ అన్నంలో పప్పు కలుపుకుంటోంది. అంతా చెప్పాను. ఇక మీదట జపానులోనైనా జర్మనీలోనైనా మా ప్రోగ్రాములో రెండు డబ్బాలు ఆనుకుంటే లిలువా కట్టుబాటే, చిన్న నెంబరుదే గోడ అన్నాను. మురిసిపోతుందనుకున్నాను.

అమ్మ చెయ్యి కంచంలో ఆగిపోయింది. "అంటే లోకమంతా పధ్నాలుగో నెంబరోలే గెలిసినారా?"

"అలాగే అనుకో."

"ఓలమ్మా! రాసింది నువ్వే కదేటి? నీ సేతిలో ఉండి కూడా మార్సనేకపోయినావా!"

రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నాన్న మాత్రం వర్క్‌షాపులో అందరికీ చాయ్ ఇప్పించాడట. జెండా పట్టినవాళ్ళకి కూడా.

కొన్నేళ్ళకి నాన్న రిటైరయ్యాడు. క్వార్టరు వదిలి, సొంతంగా ఒక ఫ్లాటు తీసుకుందామని అమ్మని వెంటబెట్టుకుని తిరిగాను. నీళ్ళు వస్తాయా, వంటిల్లు ఎంత, బస్సు ఎంత దూరం, ఇవేవీ అమ్మ అడగలేదు. గుమ్మం దగ్గర నిలబడి ఒకే ప్రశ్న వేసేది. "నెంబరేటి?" ఎనిమిదా, పద. పదకొండా, పద. చివరికి ఒకచోట గుమ్మం మీద "ఒకటి" అని ఉంది. అమ్మ లోపలికి తొంగి కూడా చూడలేదు. "ఇదే తీసుకో" అంది.

తాళాలు చేతికొచ్చిన రోజు ఆవిడ సంచిలో సుత్తి తెచ్చుకుంది. తిన్నగా తూర్పు గోడ దగ్గరికెళ్ళి, అవతల రెండో నెంబరని నన్ను అడిగి రూఢి చేసుకుని, దేవుడి అలమరకి మొదటి మేకు తన చేత్తోనే కొట్టింది. దెబ్బకి గోడంతా అదిరింది, అవతల సున్నం రాలిన చప్పుడు మాకు వినిపించింది. ఎవరూ తలుపు కొట్టలేదు. అమ్మ నా వైపు తిరిగి నిండుగా నవ్వి, రెండో మేకు అందుకుంది.